కొత్త అభ్యర్థికి మద్దతా? ముందు ఓటరు జాబితా తెరవండి

మీ నియోజకవర్గంలో ఒకాయన ఇరవై ఏళ్లుగా ఎమ్మెల్యే. మీరు ఎల్‌కేజీలో ఉన్నప్పుడూ ఆయనే, బీటెక్ ఫైనలియర్‌కి వచ్చినా ఆయనే. ఈసారి ఆయన మీద ముప్ఫై ఏళ్లు కూడా నిండని కొత్త మనిషి పోటీకి దిగారనుకోండి. వెనక డబ్బు లేదు, ఇంటిపేరుకు పలుకుబడి లేదు. మాట్లాడేది మాత్రం మీ బాధే: ఆగిపోయిన నోటిఫికేషన్లు, రాని ఫీజు రీయింబర్స్‌మెంట్, సరిగా నడవని ఊరి బస్సు. మీకు నచ్చారు. గెలిస్తే బాగుండు అనుకుంటున్నారు. మరి ఇప్పుడేం చేస్తారు?

చాలామందిమి చేసే పని ఒకటే. స్టేటస్ పెడతాం. రీల్ షేర్ చేస్తాం. కామెంట్లలో ఎవరితోనో గొడవపడి, ఇవాళ్టికి మన వంతు అయిపోయిందనుకుంటాం. ఫలితాల రోజు ఆ అభ్యర్థికి డిపాజిట్ కూడా రాకపోతే ‘ఈ జనం మారరు’ అని ఒక మాట అనేస్తాం. జనం మారలేదా, మనం జనం దగ్గరికి వెళ్లలేదా అని మాత్రం ఎవరమూ లెక్క చూడం.

ఇవాళ ఆ లెక్క చూద్దాం. ఏ పార్టీకి పనిచేయాలో చెప్పడం నా పని కాదు. పాతుకుపోయిన నాయకుడి మీద కొత్తవాళ్లు పోటీచేసినప్పుడు మద్దతు అంటే నిజంగా ఏమిటి, దానివల్ల మీకు ఏం వస్తుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి... ఇదే విషయం.

పద్నాలుగేళ్లు పోటీయే లేని సీటు

ఈ లెక్క బాగా తెలియాలంటే ఒక ఎన్నిక చూడాలి. అది మన దగ్గర కాదు, న్యూయార్క్‌లో జరిగింది. బ్రాంక్స్, క్వీన్స్ ప్రాంతాల్లో కొంత కొంత కలిసి ఉన్న 14వ కాంగ్రెస్ నియోజకవర్గం అది. అక్కడి సభ్యుడు జో క్రౌలీ 1999 నుంచి అమెరికా ప్రతినిధుల సభలో ఉన్నారు. వరసగా పదిసార్లు గెలిచారు. సభలో డెమోక్రాటిక్ పార్టీ నాయకత్వంలో ఆయనది నాలుగో స్థానం. క్వీన్స్ కౌంటీలో పార్టీ అధ్యక్షుడు కూడా ఆయనే.

అమెరికాలో టికెట్ ఎవరికివ్వాలో మన దగ్గరలా అధిష్ఠానం తేల్చదు. ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే తేలుస్తారు. న్యూయార్క్‌లో అయితే ఆ పార్టీ కింద పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అందులో ఓటు. 2004 తర్వాత క్రౌలీకి ప్రైమరీలో పోటీ ఇచ్చినవాళ్లే లేరు. అంటే అక్కడి డెమోక్రాట్లకు పద్నాలుగేళ్లపాటు ఎంచుకునే అవకాశమే రాలేదు.

2018లో ఆయన మీద పోటీకి దిగింది అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్. వయసు 28. ఆర్థికశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాల్లో డిగ్రీ చేశారు. అంతకుముందు ఏ పదవికీ పోటీచేయలేదు. ప్రచారం మొదలుపెట్టేనాటికి ఒక రెస్టారెంట్‌లో బార్‌టెండర్‌గా పనిచేస్తున్నారు. చేతిలో డిగ్రీ ఉండి, బతకడానికి వేరే పని చేసుకోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రాష్ట్ర గవర్నరు, నగర మేయరు, పెద్ద పెద్ద కార్మిక సంఘాలు క్రౌలీ వైపే ఉన్నారు. ఆయన ప్రచారం ఖర్చు 30 లక్షల డాలర్లు దాటింది. జూన్ మొదటివారం దాకా ఆమె ఖర్చు రెండు లక్షల డాలర్ల లోపే. జూన్ 26న ఓట్లు లెక్కపెడితే ఆమెకు 16,898, ఆయనకు 12,880 వచ్చాయి. నవంబరులో అసలు ఎన్నికలో కూడా గెలిచి, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మహిళల్లో అందరికన్నా చిన్నవయసు సభ్యురాలయ్యారు.

పోలింగ్‌కు నెల ముందు ఆమె ప్రచార వీడియో వైరల్ అయింది, అందుకే గెలిచారు అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. మిగతా సగం ఆ ఓట్ల అంకెల్లోనే ఉంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

రెండూ కలిపి చూడండి. పోలైనవి 30 వేల లోపు. ఆ నియోజకవర్గంలో డెమోక్రాట్లుగా నమోదైనవాళ్లు రెండు లక్షలకు పైనే. అంటే గెలుపు ఓటములు తేల్చింది ఓటు వేసిన కొద్దిమందే. ఇద్దరి మధ్య తేడా 4,018 ఓట్లు. నాలుగు వందల మంది వాలంటీర్లు ఒక్కొక్కరు పదిమందిని ఇంట్లోంచి కదిలించి పోలింగ్ కేంద్రానికి పంపితే దాదాపుగా వచ్చే అంకె అది. మీరు ఇంటర్‌లో చదివిన లెక్కలు చాలు, కాలిక్యులస్ అక్కర్లేదు.

ఇంకో విషయం. బ్యాలెట్ మీద పేరు రావడానికి ఆమెకు 1,250 మంది సంతకాలు చాలు. ఆమె బృందం ఐదు వేలకు పైగా సేకరించింది. ఎందుకంటే పాత నాయకుల తరఫు లాయర్లు సంతకాల్లో తప్పులు పట్టి కొత్తవాళ్ల పేరే తీయించేయడం అక్కడ మామూలే. ఆ నియోజకవర్గంలో ఉండి, ఆ పార్టీ కింద నమోదైనవాళ్ల సంతకమే చెల్లుతుంది. ఎగబడి ఫొటో దిగిన అభిమాని పక్క నియోజకవర్గంవాడైతే ఆ సంతకం లెక్కలోకి రాదు.

మూడోది గడువు. ఏ పార్టీలోనూ లేనివాళ్లు, వేరే పార్టీ కింద ఉన్నవాళ్లు 2018 జూన్‌లో ఆమెకు ఓటు వేయాలంటే 2017 అక్టోబరులోనే నమోదు మార్చుకోవాలి. ఎనిమిది నెలల ముందే! ఆమె ఎవరో కూడా తెలియని రోజుల్లో ఆ గడువు అయిపోయింది. వీడియో చూసి మే నెలలో అభిమానులైనవాళ్లలో ఆ గడువు దాటిపోయినవాళ్లకు ఓటు వేసే దారే లేదు.

నాలుగోది నాలాంటి టెక్ పిచ్చోళ్లకు నచ్చేది. సాధారణంగా ప్రచార బృందాలు అడ్రసుల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాయి. కానీ రైల్వే స్టేషన్ దగ్గరో, పార్కులోనో ఎదురైన మనిషి ఓటరో కాదో ఎలా తెలుస్తుంది? పేరు కొడితే ఓటరు జాబితాలోంచి ఆ మనిషి వివరం ఫోన్‌లోనే దొరికేలా ఆ ప్రచారంలోని వాలంటీర్లు ఒక యాప్ చేసుకున్నారు. అదే తర్వాత ‘రీచ్’ పేరుతో ఇతర ప్రచారాలకూ వెళ్లింది. ఏ గొప్ప అల్గారిదమూ లేదు. జాబితా, సెర్చ్, ‘మాట్లాడాం, ఇలా అన్నారు’ అని నమోదు చేసే ఒక బటన్. కానీ అది సరిగ్గా అక్కడి అవసరం.

ఆ ప్రచారాన్ని వెనకుండి నడిపినవాళ్లలో సైకత్ చక్రబర్తి ఒకరు. భారతీయ మూలాలున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. హార్వర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ చదివి, స్ట్రైప్ కంపెనీ తొలిరోజుల్లో పనిచేశారు. ఆమె గెలిచాక ఆమె ఆఫీసుకు చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యారు.

అటు క్రౌలీ వైపు ఏం జరిగింది? బ్రాంక్స్‌లో జరిగిన ఒక చర్చకు ఆయన రాకుండా తన తరఫున ఇంకొకరిని పంపారు. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయమే దాన్ని తప్పుపట్టింది. ఏళ్ల తరబడి పోటీ లేని సీటులో ఉంటే ఓటరు ముందుకు వచ్చే అలవాటే తప్పిపోతుంది. అయితే ఒక్క మాట ఆయన గురించీ చెప్పాలి. ఓడిన రాత్రి అదే వేదిక మీద గిటార్ పట్టుకుని, వాయిస్తున్న పాటను గెలిచినామెకు అంకితమిచ్చారు. మన కాలేజీ ఎన్నికల్లో కూడా అంత హుందాతనం కనబడదు.

ఓడిపోయినవాళ్ల కథ కూడా వినండి

గెలిచిన ఒక్కరిని చూసి అందరూ గెలుస్తారనుకుంటే మోసపోతాం. ఆ ఏడాది 435 సీట్ల సభలో ప్రైమరీల్లో ఓడిన సిటింగ్ సభ్యులు నలుగురే. ‘నాక్ డౌన్ ద హౌస్’ అనే డాక్యుమెంటరీ 2018లో ఇలాగే పోటీకి దిగిన నలుగురు మహిళల వెంట కెమెరాతో తిరిగింది. గెలిచింది ఒక్కరే.

ఓడిన ముగ్గురిలో కోరీ బుష్ ఉన్నారు. ఆమె రెండేళ్లు ఆగి 2020లో మళ్లీ అదే నాయకుడి మీద నిలబడి గెలిచారు. 2024లో ఇంకో కొత్త పోటీదారు చేతిలో ఆమే ఓడిపోయారు. నిన్నటి కొత్త ముఖం ఇవాళ్టి సిటింగ్ సభ్యురాలు, రేపటి మాజీ.

మనవాళ్లు ఎక్కువగా ఉండే సిలికాన్ వ్యాలీ సంగతీ చూడండి. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాంతాక్లారా ఉన్న 17వ నియోజకవర్గం సభ్యుడు మైక్ హోండా 2001 నుంచి ప్రతినిధుల సభలో ఉన్నారు. భారతీయ మూలాలున్న రో ఖన్నా 2014లో ఆయన మీద పోటీచేసి కొద్ది తేడాతో ఓడారు. 2016లో మళ్లీ పోటీచేసి గెలిచారు. ఖన్నా వెనక టెక్ రంగంలోని పెద్దలు చాలామంది నిలబడ్డారు. కొత్తవాళ్లంటే ఎప్పుడూ డబ్బులేనివాళ్లే అనుకోవద్దు. కొత్తదనం వేరు, పేదరికం వేరు, నిజాయతీ వేరు. మూడూ ఒకే మనిషిలో ఉండాలనేం లేదు.

మన దగ్గర ఏం తేడా?

మనకు ప్రైమరీలు లేవు. ఇక్కడ కొత్తవాళ్లకు మొదటి గోడ ఓటరు కాదు, టికెట్. ఆ గోడ దాటితే ఏం జరుగుతుందో 2023లో పాలకుర్తి చూపించింది. ఇంజినీరింగ్ చదివిన 26 ఏళ్ల యశస్వినీ రెడ్డి అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి. ఎదురుగా ఉన్నది ఎర్రబెల్లి దయాకర్‌రావు. వర్ధన్నపేట నుంచి మూడుసార్లు, పాలకుర్తి నుంచి మూడుసార్లు ఎమ్మెల్యే, మధ్యలో వరంగల్ ఎంపీ, అప్పటికి మంత్రి. ఆమె 47,634 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అయితే ఆమె వెనక ఒక పెద్ద పార్టీ గుర్తు ఉంది, రాష్ట్రంలో ఆ పార్టీకి అనుకూలంగా గాలి ఉంది, నియోజకవర్గంలో ముందునుంచే తిరుగుతున్న కుటుంబం ఉంది. ఇవన్నీ పక్కనపెట్టి ‘యూత్ గెలిచింది’ అని పోస్టర్ వేసుకుంటే అది లెక్క కాదు.

అదే ఎన్నికల్లో గోడ బయట నిలబడ్డామె కర్నె శిరీష. బర్రెలక్కగా అందరికీ తెలుసు. డిగ్రీ చదివినా ఉద్యోగం రాలేదని, బర్రెలు కాస్తున్నానని చెప్పిన వీడియోతో పేరొచ్చింది. కొల్లాపూర్‌లో స్వతంత్ర అభ్యర్థిగా ఈల గుర్తు మీద పోటీచేశారు. రెండు రాష్ట్రాల్లోని నిరుద్యోగులు ఆమెను తమ మనిషి అనుకున్నారు. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగిందన్న ఫిర్యాదు తర్వాత, ఆమెకు భద్రత కల్పించాలని హైకోర్టు ఆదేశించింది కూడా. చివరికి వచ్చినవి ఐదు వేలకు పైచిలుకు ఓట్లు.

ఒక ఒంటరి అమ్మాయికి అవి తక్కువేం కాదు. కానీ ఆమె వీడియోలు చూసినవాళ్లలో కొల్లాపూర్‌లో ఓటున్నవాళ్లు ఎంతమంది? దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కూర్చుని కొట్టిన లైక్ కొల్లాపూర్ ఈవీఎంలో పడదు. కోచింగ్ కోసం సొంతూరు వదిలొచ్చిన ప్రతి ఒక్కరూ ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

మీ చేతిలో ఉన్న పనులు

మన అసెంబ్లీ నియోజకవర్గంలో సుమారు రెండున్నర లక్షల ఓటర్లు ఉంటారు. చూస్తే భయమేస్తుంది. కానీ ఒక్కో పోలింగ్ బూత్‌లో ఉండేది వెయ్యి మంది అటూ ఇటూ. మీకు కావాల్సింది రెండున్నర లక్షలు కాదు, మీ బూత్.

మొదటి పని, మీ ఓటు. 18 నిండితే ఫారం 6. అడ్రస్ మారితే, వివరాలు తప్పుంటే ఫారం 8. ఏడాదికి ఒక్కసారే కాదు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీలను బట్టి నాలుగుసార్లు అర్హత చూస్తారు. హాస్టల్లో ఉండేవాళ్లు సొంతూళ్లోనైనా, చదివేచోటైనా నమోదు కావచ్చు. రెండుచోట్ల ఉంటే మాత్రం నేరం. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో కొత్త పేరు చేర్చరు. అప్లికేషన్ చేతిలోకి వచ్చి విచారణ జరగడానికి టైమ్ పడుతుంది కాబట్టి, నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అంటే కుదరదు.

రెండో పని, మీ బూత్ జాబితా. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో బూత్‌లవారీగా పీడీఎఫ్ దొరుకుతుంది. ప్రింట్ తీసుకుని మీ వీధిలో పెద్దాయన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ‘బాబాయ్, వీళ్లు ఊళ్లోనే ఉన్నారా?’ అని అడుగుతూ పోండి. చనిపోయినవాళ్లు ఎవరు, హైదరాబాద్‌కో బెంగళూరుకో వలసపోయినవాళ్లు ఎవరు, 18 నిండినా పేరు లేనివాళ్లు ఎవరు... రెండు సాయంత్రాల్లో తేలిపోతుంది. పేరు లేనివాళ్లతో ఫారం 6 పెట్టించండి. బూత్ స్థాయి అధికారితో మర్యాదగా మాట్లాడండి. ఈ పనికి ఏ పార్టీ కండువా అక్కర్లేదు.

మూడో పని, నామినేషన్. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ప్రతిపాదించేవాళ్లు ఒక్కరు చాలు. స్వతంత్రులకు పదిమంది కావాలి, ఆ పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయివుండాలి. అసెంబ్లీకి డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే అది పోతుంది. కొత్త అభ్యర్థుల నామినేషన్లు చిన్న తప్పులతో తిరస్కరణకు గురవుతుంటాయి. అఫిడవిట్‌లో ఖాళీ వదిలేయడం, సంతకం లేకపోవడం లాంటివి. డాక్యుమెంట్లు ఓపిగ్గా చూడగలిగే స్నేహితుడు పది ఫ్లెక్సీల కన్నా విలువైనవాడు.

నాలుగో పని, గడప. ఉపన్యాసం వద్దు. ‘అత్తా, మీ ఇంటికి ఏ సమస్య ఉంది?’ అని అడిగి, చెప్పింది రాసుకుని, వారం తర్వాత మళ్లీ వెళ్లండి. రెండోసారి వెళ్లడమే అసలు ప్రచారం. మొదటిసారి అందరూ వస్తారు.

అయిదో పని, పోలింగ్ రోజు. కొత్త అభ్యర్థులకు చాలా బూత్‌ల్లో ఏజెంట్లే దొరకరు. ఉదయం మాక్ పోల్ చూడటం, సాయంత్రం పోలైన ఓట్ల సంఖ్య ఉండే ఫారం 17సీ కాపీ అడిగి తీసుకోవడం ఏజెంటు పని. రోజంతా ఓపిగ్గా కూర్చోవాలి. ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ ఆ కుర్చీ ఖాళీగా ఉంటే మీ ఆరు నెలల కష్టానికి సాక్షి ఉండడు.

ఇక్కడో చేదు నిజం చెప్పుకోవాలి. ఓటుకు ఇంత అని పంచే చోట ఇవన్నీ చేసినా కొత్తవాళ్లు ఓడిపోవచ్చు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షల రూపాయలు. ఆ అంకె చదివి ఊళ్లో ఎవరైనా నవ్వుతారు. డబ్బు పంచినా, తీసుకున్నా నేరమే. కంటపడితే సీ-విజిల్‌లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఒక్క ఎన్నికతో అది పోతుందని మిమ్మల్ని మభ్యపెట్టను. మొదటి ఎన్నికలో వచ్చిన ఓట్లు రెండో ఎన్నికకు పునాది అనుకుంటేనే ఈ పనికి దిగండి.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఎర్ర గీతలు

మీరు ఉద్యోగానికి సిద్ధమవుతున్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

అభ్యర్థి అనుమతి లేకుండా మీ జేబులోంచి డబ్బు పెట్టి ఆయన కోసం సభ పెట్టడం, ప్రకటన ఇవ్వడం చట్టప్రకారం నేరం. ప్రేమతో చేశానంటే ఒప్పుకోరు. ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ప్రింటర్, పబ్లిషర్ పేరు, చిరునామా లేకుండా కరపత్రం వేయడం కూడా నేరమే. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటల్లో సభలు, ఊరేగింపులు నిషేధం. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ఓటు అడగకూడదు.

గ్రూపులో వచ్చిన ఫొటో, వాయిస్ క్లిప్ నిజమో కాదో తెలియకుండా ఫార్వర్డ్ చేయకండి. ఎదుటి అభ్యర్థి ఇంటి ఆడవాళ్లను, కులాన్ని లాగే పోస్టు మీ ఫోన్‌లోంచి వెళ్లిందంటే కేసు మీ మీదే. ప్రభుత్వ ఉద్యోగం వస్తే అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరాలు రాయాలి. నాయకులకు లాయర్లు ఉంటారు, మీకు ఉండరు. గొడవ మొదలయ్యే చోటునుంచి వచ్చేయడం పిరికితనం కాదు.

ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే ప్రచారం మాటే ఎత్తొద్దు. సర్వీసు నిబంధనలు ఒప్పుకోవు, ఏజెంటుగా కూర్చోవడం అయితే చట్టమే నిషేధించింది. ప్రైవేటు ఉద్యోగమైతే ఆఫర్ లెటర్లో బయటి కార్యకలాపాల గురించి ఏం రాశారో చూసుకోండి.

కోడింగ్ తెలిసినవాళ్లకు ఒక మాట. ఓటరు జాబితా డేటాను మీ సొంత యాప్‌లో పెట్టి ఫోన్ నంబర్లు, కులం జోడించి ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి. ఒక బూత్‌కి ఒక షీట్ చాలు. ఎన్నిక అయ్యాక దాన్ని చెరిపేయండి. జనం మిమ్మల్ని నమ్మి చెప్పిన వివరం అది.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

ఇంట్లో అమ్మానాన్న అడిగే ప్రశ్న ఇదే: ‘దీనివల్ల నీకేం వస్తుందిరా?’ న్యాయమైన ప్రశ్న. జవాబు ఉంది.

‘ఫలానా పార్టీ యువనేత’ అని రాస్తే పక్కన పడేస్తారు. ‘పదిమంది వాలంటీర్లతో ఒక బూత్ ఓటరు జాబితాను ఇంటింటికీ తిరిగి సరిచూశాం, ఇంతమంది కొత్త ఓటర్లను నమోదు చేయించాం, రోజువారీ వివరాలు షీట్‌లో నిర్వహించాను’ అని రాస్తే ఇంటర్వ్యూలో దాని మీదే పది నిమిషాలు అడుగుతారు. తెలియని మనిషితో మాట్లాడటం, కాదన్నవాళ్లను ఒప్పించడం, జీతం లేని బృందంతో పనిచేయించడం... ఇవి ఏ కోర్సులోనూ నేర్పరు. అంకెలు మాత్రం నిజమైనవే రాయండి, అడిగితే చూపించేలా ఉండాలి. పార్టీ పేరు అడిగితే దాచకండి, అడగకపోతే ఉపన్యాసం ఇవ్వకండి.

ఇది వృత్తిగా కూడా మారింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఐప్యాక్ పనిచేసిన సంగతి తెలిసిందే. సర్వేలు, డేటా, డిజైన్, వీడియో, క్షేత్రస్థాయి సమన్వయం లాంటి పనులకు ఇలాంటి సంస్థలు కుర్రాళ్లను తీసుకుంటాయి. కానీ తేడా తెలుసుకోండి. అక్కడ జీతం ఇచ్చినవాళ్ల తరఫున పనిచేస్తారు, ఎన్నికతో కాంట్రాక్టు అయిపోతుంది. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది మీరు నమ్మిన మనిషి కోసం ఇచ్చే సమయం. రెండూ తప్పు కాదు. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటేనే చిక్కు. ‘గెలిచాక ఉద్యోగం ఇప్పిస్తా’ అని ఏ అభ్యర్థి అన్నా అక్కడే లేచి రండి. ఆ మాట అన్నవాళ్లు కొత్త ముఖమే కావచ్చు, పద్ధతి మాత్రం పాతదే.

ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం

చివరిగా అసలు ప్రశ్న. ఎవరికి మద్దతివ్వాలి? ‘కొత్తవాళ్లు కాబట్టి’ అన్నది కారణం కాదు. ‘పాతవాళ్లు కాబట్టి’ అన్నదీ కారణం కాదు. ఇరవై ఏళ్లుగా ఉన్న ఎమ్మెల్యే నిజంగా చెరువు నింపి, కాలేజీ తెచ్చి, ఫోన్ చేస్తే పలికే మనిషైతే ఆయన్నే గెలిపించుకోవడం తప్పేం కాదు. ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వండి.

అఫిడవిట్‌లు తెరవండి. ఎన్నికల సంఘం ‘నో యువర్ క్యాండిడేట్’లో అభ్యర్థుల మీద ఉన్న క్రిమినల్ కేసులు తెలుస్తాయి, అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. పాత నాయకుడివైతే పాత ఎన్నికల అఫిడవిట్ కూడా పక్కన పెట్టుకుని చూడండి, ఆస్తి ఎలా పెరిగిందో కనబడుతుంది. అసెంబ్లీలో ఏం అడిగారో, నియోజకవర్గ నిధులు ఎక్కడ ఖర్చుపెట్టారో అడగండి. కొత్తవాళ్లను మూడు అడగండి: నీ ఖర్చుకు డబ్బు ఎవరిస్తున్నారు? మన మండలంలో మొదట చేసే పని ఏంటి, దానికి అధికారం ఎమ్మెల్యేకు ఉందా? ఓడిపోతే మరుసటి నెల ఇక్కడే ఉంటావా?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. ఓడినా ఊళ్లోనే ఉంటానన్నవాళ్ల కోసం ఎండలో తిరగొచ్చు. ‘గెలుస్తాం బ్రో, ఓటమి మాటెందుకు’ అని దాటేసినవాళ్ల స్టేటస్‌కి ఒక లైక్ కొట్టి మీ చదువు మీరు చూసుకోండి.

ఈలోగా ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. మీ అభ్యర్థి ఎవరో ఇంకా తేల్చుకోకపోయినా ఫర్వాలేదు. వాళ్లు మీ గడపకు వచ్చేనాటికి మీరు ఓటరై ఉండాలి.